తుక్కుకి ఇద్దామా, తిప్పుదామా?

ఈ వారం కాస్త గ్రీజు అంటిన కబుర్లు. పక్కన ఓ పాత గుడ్డ పెట్టుకుని చదవండి.

తెనాలి దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక వేపచెట్టు కింద ఒక పికప్ బండి ఉంది. 2008 మోడల్. మా నాన్న కొన్నది. పదకొండేళ్ళ పాటు నిమ్మకాయల బస్తాలు వేసుకుని తెనాలి యార్డుకి తిరిగింది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా షామియానా, కుర్చీలు, వంట గిన్నెలు అందులోనే వచ్చేవి. 2019 చివర్లో నాన్నకి మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. క్లచ్ తొక్కలేకపోయారు. "ఒక్క నెల ఆగి తీద్దాంలే" అని చెట్టు కింద పెట్టారు. ఆ నెల మూడు నెలలయ్యేసరికి కరోనా వచ్చింది. ఆ తర్వాత నాన్నే లేరు. బండి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఐదేళ్ళలో దాని మీద ఎన్ని వేపాకులు రాలాయో, ఎన్ని కోళ్ళు దాని కింద పొదిగాయో లెక్క లేదు. పాత ఇనుము కొనేవాడు ఏడాదికోసారి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "నలభై అయిదు వేలిస్తానమ్మా, నేనే ఎత్తుకుపోతా" అని అడగడం, మా అమ్మ "మా పెద్దాడితో మాట్లాడి చెప్తా" అనడం అలవాటైపోయింది. ఆ పెద్దాణ్ణి నేనే. ఫోనులో ప్రతిసారీ "ఇచ్చెయ్యమ్మా" అనే చెప్పాను. అమ్మ ప్రతిసారీ "సిగ్నల్ సరిగ్గా లేదురా" అని పెట్టేసేది.

అసలు గొడవ మా తమ్ముడితో వచ్చింది. వాడు నిమ్మతోట చూసుకుంటాడు. సీజన్లో వారానికి మూడుసార్లు కాయ తెనాలి పంపాలి. ట్రిప్పుకి పన్నెండు వందలు కిరాయి. కిరాయి కంటే పెద్ద బాధ ఇంకోటుంది. కిరాయి బండివాడు వాడి వీలు చూసుకుని వస్తాడు. పోయిన వేసవిలో రెండుసార్లు ఆలస్యమైంది. యార్డులో పాట అయిపోయాక దిగిన కాయకి ఏం ధర వస్తుందో రైతులకి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు రాత్రి వాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న బండి బాగు చేయిస్తా. నువ్వు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే" అన్నాడు. వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

టౌన్లో ఒక షెడ్డువాళ్ళని పిలిపించాడు. వాళ్ళు బోనెట్ కూడా ఎత్తకుండా, "ఇన్నేళ్ళు నిలబడిందంటే ఇంజన్ విప్పాల్సిందే, లక్షా ఇరవై అవుతుంది" అని చెప్పి వెళ్ళిపోయారు. అది విని నేను లోపల్లోపల సంతోషించాను. తుక్కుకి పోతుంది, పీడా వదులుతుంది అనుకున్నాను.

అప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. "నాన్న బండికి ఎప్పుడూ పని చేసే మేస్త్రి ఉన్నాడుగా. ఆయన చూసి లాభం లేదంటే ఇచ్చేద్దాం."

నేను సెలవు పెట్టి ఊరెళ్ళాను. తుక్కువాడికి అప్పజెప్పే పని దగ్గరుండి చూసుకుందామనే వెళ్ళాను, దాచడమెందుకు.

మేస్త్రికి డెబ్భై దాటాయి. షెడ్డు కొడుక్కి అప్పగించేశారు. ఓ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, పానాల సంచీతో వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చక్రాల కింద చూసి, "మీ నాన్న బుద్ధిమంతుడబ్బాయ్" అన్నారు. ఎందుకన్నారో నాకర్థం కాలేదు. చక్రాల కింద రెండు వైపులా రాళ్ళున్నాయి. బండి గేరులో ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి లేదు.

"హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే ఇన్నేళ్ళకి షూలు డ్రమ్ముకి పట్టేసేవి. ఊడదీయాలంటే సుత్తి దెబ్బలే. ఆయన గేరులో పెట్టి రాళ్ళు పెట్టాడు. బ్యాటరీ వైరు కూడా ఊడదీసి పెట్టాడు చూడు" అన్నారు.

ఆ తర్వాత ఆయన పెట్టిన మొదటి షరతు ఏంటంటే, మొదటి రోజు ఒక్క రూపాయి సామాను కూడా కొనకూడదు. "బతికుందో లేదో తెలీకుండా మందులు కొంటామా?" అన్నారు. చవగ్గా బండి తిప్పడం గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే విలువైనది లేదు. ముందు డబ్బు ఖర్చు లేని పరీక్షలు, తర్వాత తక్కువ ఖర్చు పనులు, ఆ తర్వాతే పెద్ద సామాను. ఈ వరస తప్పితే, కొత్త బ్యాటరీ, కొత్త టైర్లు వేసిన తర్వాత ఇంజన్ పట్టేసిందని తెలుస్తుంది.

మొదటి పరీక్ష కర్రతో. బోనెట్ ఎత్తేముందు కర్రతో బాగా తట్టారు. పల్లెటూళ్ళో నిలబడిన బండి అంటే పాములకి అద్దె లేని ఇల్లు. మాకు పాము కనపడలేదు గానీ, దాని కుబుసం కనపడింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు పీచు, గుడ్డపేలికలు, వేరుశెనగ తొక్కలతో కాపురం పెట్టాయి. ఆ డబ్బా విప్పకుండా సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ చెత్తంతా ఇంజన్ మింగేసేది. హెడ్ లైట్ల వైర్లు సగం కొరికేసి ఉన్నాయి.

రెండోది, ఇంజన్ ఆయిల్. పుల్ల తీసి చూశారు. నల్లగా ఉంది గానీ మజ్జిగలా తెల్లగా లేదు. తెల్లగా ఉంటే అందులో నీళ్ళు కలిసినట్టు. అలా ఉంటే తుక్కువాడి నంబరు వెతుక్కోవడం మంచిదన్నారు.

మూడోది అసలు పరీక్ష. నాజిల్స్ విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం కొంచెం ఆయిల్ పోసి, ఒక రాత్రి అలా వదిలేశారు. పొద్దున్నే గేరు న్యూట్రల్ చేసి, ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి పెద్ద పానా వేసి చేత్తో మెల్లగా తిప్పారు. సెల్ఫ్ తో కాదు, చేత్తో. పట్టేసి ఉంటే చేతికి తెలుస్తుంది, అక్కడే ఆగొచ్చు. సెల్ఫ్ కి ఆ జ్ఞానం ఉండదు. మొదట కదల్లేదు. మా తమ్ముడి మొహం చూడలేకపోయాను. మేస్త్రి బలవంతం చెయ్యలేదు. కాస్త వెనక్కి, కాస్త ముందుకి, మళ్ళీ వెనక్కి. ఐదు నిమిషాలకి పానా పావు వంతు తిరిగింది. తర్వాత పూర్తి చుట్టు. "నిద్రపోతోందంతే" అన్నారు. అప్పటివరకూ అయిన ఖర్చు ఆయిల్ చుక్కలు, మూడు టీలు.

పాత డీజిల్ బండ్లలో ఒక సుఖం ఉంది. కంప్యూటర్ ఉండదు. పంపు మెకానికల్. గాలి, శుభ్రమైన డీజిల్, తగినంత వేగంగా తిరిగే ఇంజన్ ఉంటే చాలు, స్టార్టవుతుంది. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో సెన్సార్లు, అధిక పీడనం పంపు ఉంటాయి. వాటికి పాడైన డీజిల్ తగిలితే ఖర్చు వేలతో ఆగదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పాత బండ్ల సంగతే అనుకోండి.

మా బండి ట్యాంకు అడుగున బిరడా విప్పితే ముందు నీళ్ళు, తర్వాత గోధుమరంగు జిగురు, ఆ తర్వాత వార్నిష్ వాసనతో డీజిల్ వచ్చింది. ఏళ్ళ తరబడి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ నీరై అడుక్కి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్ కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి అలా జిగురవుతుంది. ట్యాంకు దించి కడిగారు. ఫిల్టర్లు మార్చారు. పది లీటర్ల కొత్త డీజిల్ పోశారు. తర్వాత ఎయిర్ తీశారు. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతుంటే ముందు బుడగలు, తర్వాత నికరంగా డీజిల్ వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. చివర్లో సెల్ఫ్ తిప్పుతూ నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటి వదులు చేసి అక్కడి గాలి కూడా తీస్తారు. ఈ పనిలో కుర్రాడు చెయ్యి ముందుకు పెడితే మేస్త్రి గట్టిగా కసిరారు. నాజిల్ నుంచి వచ్చే డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. చూడ్డానికి చిన్న గుచ్చులా ఉంటుంది, ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది. తెలియనివాళ్ళు ఈ పని జోలికి పోకండి.

బ్యాటరీ అప్పటికీ కొనలేదు. పక్కింటి ట్రాక్టర్ బ్యాటరీ అడిగి తెచ్చారు. అదీ పన్నెండు వోల్టులే. స్టార్ట్ చేసేముందు ఇంకో రెండు పనులు చేశారు. ఒకటి, ఇంజన్ ఆపే స్టాప్ తీగ లాగితే పంపు మీద మీట కదులుతోందో లేదో చూడటం. ఇన్నేళ్ళు నిలబడితే పంపు లోపల డీజిల్ కొలిచే కడ్డీ పట్టేస్తుంది. అప్పుడు ఇంజన్ స్టార్టయితే ఆగదు, స్పీడు పెరుగుతూనే పోతుంది. అందుకే గాలి వెళ్ళే గొట్టం దగ్గర ఒక చెక్కపలక పట్టుకుని కుర్రాణ్ణి నిలబెట్టారు. ఆగకపోతే దాంతో మూసి గాలి ఆపాలి. చేత్తో మాత్రం కాదు. రెండోది, స్టాప్ తీగ లాగి ఉంచి, ఆయిల్ లైటు ఆరేదాకా కాసేపు కాసేపు సెల్ఫ్ తిప్పడం. ఇంజన్ మంట అందుకునే లోపే లోపలంతా ఆయిల్ పాకాలని.

స్టాప్ తీగ వదిలారు. సెల్ఫ్ కొట్టారు. ఒకసారి దగ్గింది. రెండోసారి తెల్లటి పొగ కక్కి ఆగింది. మూడోసారి అందుకుంది. వేపచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. అమ్మ వంటింట్లోంచి చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. ఏం మాట్లాడలేదు.

ఇక్కడే జరగాల్సిన ప్రమాదం తప్పింది.

మా తమ్ముడు ఎగిరి సీట్లో కూర్చున్నాడు. "ఒక్క రౌండు, ఊరి చివర దాకా." నేను కూడా పక్క సీటు తలుపు తీస్తున్నాను. అరగంట ముందు దాకా తుక్కుకి ఇద్దామన్నవాణ్ణి! మేస్త్రి మాత్రం స్టాప్ తీగ లాగేసి, తాళం తీసి జేబులో వేసుకున్నారు.

"బ్రేకు తొక్కు" అన్నారు. వాడు తొక్కాడు. పెడల్ నేలకి తగిలింది. ఏ అడ్డూ లేదు. మా ఇంటి సందు దాటితే రోడ్డు దిగువకి వాలుతుంది. ఆ వాలు తిన్నగా కాలవగట్టు మీదకి పోతుంది. వాడు అటు చూశాడు, నేనూ చూశాను.

"ఇంజన్ స్టార్టయితే బండి బాగయిందనుకుంటారు అందరూ. నడిచేది సగం బండే అబ్బాయ్. ఆగేది కూడా కలిస్తేనే బండి" అన్నారాయన.

బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిస్తే సిలిండర్ల లోపల తుప్పు పడుతుంది, రబ్బరు వాషర్లు గట్టిపడి బీటలిస్తాయి. మా బండికి నాలుగు వీల్ సిలిండర్లకీ, మాస్టర్ సిలిండర్ కీ కిట్లు మార్చారు. షూలకి కొత్త లైనింగు వేయించారు. పైపులన్నీ చూసి, తుప్పు పట్టిన ఒకదాన్ని తీసేశారు. పాత ఆయిల్ పూర్తిగా పోయేదాకా కొత్తది ఎక్కించారు. తర్వాత టైర్లు. మా తమ్ముడు "గట్లు బాగానే ఉన్నాయిగా" అన్నాడు. మేస్త్రి టైరు పక్క అంచున ముద్ర చూపించారు. నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. గట్లు ఎంతున్నా రబ్బరు వయసు అయిపోయింది, పక్కలు పగిలాయి. లోడు వేసి నలభై స్పీడులో పోతుంటే ముందు టైరు పేలితే ఏమవుతుందో అడగొద్దన్నారు. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ తెనాలిలో చూసి తెచ్చిన మంచి పాతవి.

లెక్క రాస్తాను, ఇలాంటి చోట కావాల్సింది లెక్కే. పాతది ఇచ్చి తీసుకున్న బ్యాటరీ 7,000. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లన్నీ 4,200. ట్యాంకు పని, పైపులు, డీజిల్ 2,100. బ్రేకులు 6,400. టైర్లు 17,000. కూలెంట్, రేడియేటర్ గొట్టాలు, బెల్టు 1,900. వైరింగు 1,500. మూడు రోజుల కూలి 6,500. మొత్తం 46,600 రూపాయలు. లక్షా ఇరవై ఎక్కడ, ఇదెక్కడ అని మా తమ్ముడు మురిసిపోయాడు.

కానీ అసలు ఖర్చు బోనెట్ కింద లేదు, డాష్ బోర్డు అరలో ఉంది. కాగితాలు. ఆర్సీ నాన్న పేరు మీదే ఉంది. యజమాని పోయాక వారసుల పేరుకి మార్చుకోవాలి, దానికి ఫారం 31 పెట్టాలి. అమ్మా నేనూ అభ్యంతరం లేదని సంతకాలు చెయ్యాలి. ఎఫ్సీ ఎప్పుడో అయిపోయింది. ఇన్సూరెన్స్ లేదు. బండి నిలిపేస్తున్నామని ముందుగా రవాణా ఆఫీసులో రాసిచ్చి ఉంటే ఆ కాలానికి ట్యాక్స్ తప్పేది. నాన్న రాసివ్వలేదు. ఎందుకిస్తారు, ఆయన ఒక్క నెలకే కదా పెట్టింది!

పదిహేనేళ్ళు దాటిన బండ్లని రోడ్డెక్కనివ్వరని చాలామంది అనుకుంటారు. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఎన్జీటీ 2015లో, సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీ పరిసరాలకి సంబంధించినవి. మన దగ్గర ఎఫ్సీ పాసయితే తిప్పుకోవచ్చు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన లోడు బండ్ల ఎఫ్సీ ఫీజు బాగా పెరిగింది. ఇక ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి రెండు వేలు జరిమానా. ఎవరికైనా తగిలితే మాత్రం రెండు వేలతో పోదు, పొలం పోతుంది.

పేరు మార్పు, బకాయిలు, పెనాల్టీ, ఎఫ్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ కలిపి మాకు 54,000 అయింది. మేస్త్రి పని కంటే ఎక్కువ. మీ బండికి మరోలా ఉండొచ్చు. అందుకే పానా పట్టుకునే ముందే, ఖర్చు లేని పరీక్షల్లో దీన్నీ కలపండి. పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి ఏమేం బాకీ ఉందో చూసుకోండి. ఫైనాన్స్ పేరు ఇంకా తగిలి ఉందేమో కూడా.

ఇంకో ఖర్చు ఎవరూ లెక్క రాయరు. తుక్కువాడు ఇస్తానన్న 45,000. అది తీసుకోలేదంటే మనం బండిలో పెట్టినట్టే. అన్నీ కలిపితే 1,45,600. ట్రిప్పుకి కిరాయి 1,200, సొంత బండికి డీజిల్ సుమారు 400. మిగిలేది 800. వారానికి మూడు ట్రిప్పులంటే 2,400. ఆ లెక్కన అరవై ఒక్క వారాలకి పెట్టుబడి తిరిగొస్తుంది. ఏడాది పొడుగునా కాయ ఉండదు కాబట్టి రెండేళ్ళనుకోండి. మా వైపు తిరుగుతున్న పాత పికప్ రెండున్నర లక్షలకి తక్కువ చెప్పడం లేదు. అందుకని మాకు లెక్క సరిపోయింది. నెలకో ట్రిప్పు వేసేవాళ్ళకి సరిపోదు. వాళ్ళు తుక్కుకి ఇచ్చి ఆర్సీ రద్దు చేయించుకోవడమే మంచిది. నాన్న మీద ప్రేమకి బండి నిలబెట్టుకోవడం తప్పు కాదు, దాన్ని చవక అనుకోవడమే తప్పు.

కాగితాల ఖర్చు నేను పెట్టుకున్నాను. గొప్పకి చెప్పడం లేదు. అయిదేళ్ళు "ఇచ్చెయ్యమ్మా" అన్నందుకు నాకు పడిన పెనాల్టీ అది.

మీరు ఏదైనా బండి కొన్ని నెలలు నిలపాల్సి వస్తే మేస్త్రి చెప్పిన నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ట్యాంకు నిండుగా ఉంచండి, తేమకి చోటుండదు. బ్యాటరీ వైరు తీసేయండి. హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా గేరులో పెట్టి చక్రాలకి రాళ్ళు పెట్టండి. పదిహేను రోజులకోసారి వైరు తగిలించి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదపండి. నెల కంటే ఎక్కువయ్యేలా ఉంటే రవాణా ఆఫీసులో కూడా ఓ మాట అడిగి పెట్టుకోండి.

ఎఫ్సీకి వెళ్ళిన రోజు బ్రేకు ఇనస్పెక్టరు బండి నడిపి చూసి సంతకం పెట్టారు. మరుసటి వారం మొదటి లోడు. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. తెల్లవారుజామున తమ్ముడు యార్డు నుంచి ఫోన్ చేశాడు. "పాట మొదలవకముందే దిగాం అన్నయ్యా" అన్నాడు. వెనక హమాలీల కేకలు వినిపిస్తున్నాయి.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. లోడుకి ఎంత పలికిందో చెప్తుందనుకున్నాను. ఆవిడ అది చెప్పలేదు. ఫోను పక్కకి పెట్టి వాడినే అడుగుతోంది.

"ఒరేయ్, గేరులో పెట్టావా? చక్రాలకి రాళ్ళు పెట్టావా?"

ఈసారి సిగ్నల్ బాగానే ఉంది.